బూజు రోగంగా మారేదెప్పుడు?

విద్యార్థులారా, తడిసిన రొట్టె మీద దూదిలా పెరిగే రైజోపస్ గురించి మీరు చదివే ఉంటారు. కుళ్ళిన ఆకుల్లో, ఎరువు కుప్పల్లో పెరిగే మరో శిలీంధ్రం ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్. దీని సిద్ధబీజం 2 నుంచి 3 మైక్రోమీటర్లే ఉంటుంది కనుక, ముక్కును దాటి తిన్నగా ఊపిరితిత్తుల వాయుగోణుల దాకా పోగలదు. ఇలాంటివి రోజుకు కొన్ని వందలు మనమందరం పీలుస్తూనే ఉన్నాం. మరి మనకెందుకు జబ్బు చేయడం లేదు?

వాయుగోణులలో స్థూలభక్షక కణాలు కాపలా ఉంటాయి. అవి సిద్ధబీజాలను మింగి చంపేస్తాయి. ఒకటి తప్పించుకుని మొలకెత్తి పొడవాటి తంతువుగా సాగిందనుకోండి, దాన్ని మింగడం వాటి వల్ల కాదు. అప్పుడు రక్తం నుంచి న్యూట్రోఫిల్ కణాలు వచ్చి ఆ తంతువును దెబ్బతీస్తాయి. లుకేమియాకు కీమోథెరపీ తీసుకునేవారిలో ఈ కణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గిపోయి, ఒక్కొక్కప్పుడు వారాల తరబడి కోలుకోవు. ఇక తంతువులకు అడ్డు లేదు. అవి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతాయి. అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ నాళం మీద ఆధారపడిన కణజాలం చచ్చిపోతుంది. పైకి కనిపించేది మాత్రం మామూలు న్యుమోనియాలాంటి జ్వరం, దగ్గు, ఛాతీనొప్పి. బాక్టీరియా మందులకు తగ్గదు. విలువైన రోజులు గడిచిపోయేది ఇక్కడే.

2021లో మన దేశంలో మ్యూకార్‌మైకోసిస్ విజృంభించింది. జూన్ చివరికి 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. రైజోపస్, దాని బంధువులే దీనికి కారణం. బ్లాక్ ఫంగస్ అన్నారు గాని, నల్లబడేది చచ్చిన కణజాలమే, బూజు కాదు. మధుమేహం అదుపు తప్పి రక్తంలో ఆమ్లత్వం పెరిగితే, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచిన ఇనుము విడివడుతుంది. ఈ శిలీంధ్రానికి కావలసిందే అది! దీనికి స్టెరాయిడ్లు తోడయ్యాయి. అవి చక్కెరను పెంచుతాయి, భక్షక కణాలను మందగింపజేస్తాయి. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ పెట్టిన కోవిడ్ రోగులలో మరణాలను తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు చేయలేదు. ఈ రెండో మాటను చాలామంది పట్టించుకోలేదు.

చికిత్సకు ముందు శత్రువెవరో తేలాలి. ఆస్పర్జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ మ్యూకార్‌మైకోసిస్ మీద పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్-బి ఇవ్వాలి. చచ్చిన భాగానికి రక్తం అందదు, మందూ చేరదు కనుక దాన్ని కోసి తీసేయాల్సి వస్తుంది. గుర్తు పట్టడానికి తొలి ఆధారం సూక్ష్మదర్శిని. ఆస్పర్జిల్లస్ తంతువు సన్నగా, అడ్డుగోడలతో ఉంటుంది. రైజోపస్ తంతువు వెడల్పుగా, దాదాపు అడ్డుగోడలు లేకుండా ఉంటుంది. పరీక్ష కోసం మీరు గీసే ఆ బొమ్మలో తేడాను చూసే డాక్టరు మందు నిర్ణయిస్తాడు.