నాటి ఈ-టైప్, నేటి వారసులు

(విజ్ఞాన ప్రదర్శన సందర్భమున తల్లిదండ్రుల సమావేశములో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సమావేశమున హాజరును గూర్చియు, మార్కులను గూర్చియు మాటలాడుట మాకు అలవాటు. ఈసారి మోటారు కార్లను గూర్చి ప్రసంగింపనున్నామని విని కొందరు ఆశ్చర్యపడియుందురు. కారణమును మొదటనే మనవి చేసెదము. పై తరగతుల బాలబాలికలు ప్రదర్శనకు "పాత యంత్రము, కొత్త యంత్రము" అను అంశమును ఎన్నుకొనిరి. వెంటనే వారిలో రెండు పక్షములు ఏర్పడినవి. "పాతదే బంగారము, ఇప్పటివన్నియు రేకు డబ్బాలు" అని ఒక పక్షము. "పాత ఇనుము పాత ఇనుప కొట్టుకే తగును" అని రెండవ పక్షము. విచారింపగా ఆ రెండు మాటలును పిల్లల సొంతము కావు. ఇండ్లలో పెద్దల నోట విన్నవే. కావున సమాధానమును కూడ పెద్దల ఎదుటనే చెప్పుట న్యాయమని తలంచితిమి.

ఇట్టి వాదములు గాలిలో సాగినంత కాలము తెగవు. ఒక్క ఉదాహరణమును గట్టిగా పట్టుకొని కొలువవలెను. అందులకు మేము జాగ్వార్ ఈ-టైప్ అను స్పోర్ట్స్ కారును తీసికొంటిమి. ఇది ఇంగ్లండు దేశమున కోవెంట్రీ నగరములో పుట్టినది. ఆ జాగ్వార్ సంస్థను 2008లో మన దేశపు టాటా మోటార్స్ వారు అమెరికాకు చెందిన ఫోర్డు సంస్థ నుండి కొనిరి. కనుక ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవా నగరపు ప్రదర్శనలో లోకమునకు తొలిసారి కనబడినది. చూడవచ్చిన వారి తాకిడికి అచటనున్నవి చాలకపోగా, నార్మన్ డ్యూయిస్ అను పరీక్షక చోదకుడు కోవెంట్రీ నుండి రాత్రికి రాత్రి మరియొక బండిని నడుపుకొని వచ్చి చేర్చెను. దాని ఆకారమును రూపొందించిన మాల్కం సేయర్ పూర్వము బ్రిస్టల్ విమాన సంస్థలో పనిచేసినవాడు. ఆయన తన్ను చిత్రకారునిగా గాక వాయుగతి శాస్త్రజ్ఞునిగా భావించుకొనెను. బండి పైని వంపులను కంటి అందాజుతో గాక గణితముతో లెక్కగట్టి గీచెను. ఆ బండిని అందమైనదని పొగడువారు ఆ అందము లెక్కల పుస్తకమున పుట్టినదని తెలిసికొనుట మంచిది. లెక్కలనిన భయపడు పిల్లలకు ఈ సంగతిని మీరు ఇంటివద్ద చెప్పవచ్చును. 1996లో న్యూయార్కు నగరమందలి ఆధునిక కళాప్రదర్శనశాల వారు ఈ బండిని తమ సేకరణలో చేర్చుకొనిరి.

ఆ బండిలోని విశేషములు అందముతో ముగియలేదు. 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా లె మాన్ పందెమును గెలిచిన డీ-టైప్ నిర్మాణ పద్ధతియే దీనికి మూలము. నడుమ భాగము పెంకువలె ఒకటిగా అతుకబడిన ఉక్కు పెట్టె. దాని ముందు గొట్టములతో కట్టిన చట్రము. ఆ చట్రమున ఇంజను. నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు. వెనుక చక్రములు రెండును ఒకదానితో ఒకటి ముడిపడక వేరువేరుగా ఎగిరి దిగు అమరిక. ఇంజను 3.8 లీటర్లది, ఆరు సిలిండర్లు, మూడు కార్బ్యురేటర్లు, 265 అశ్వశక్తి. గంటకు 150 మైళ్లు, అనగా సుమారు 240 కిలోమీటర్లు పోగలదని ప్రకటించిరి. పత్రికల పరీక్షకు ఇచ్చిన బండ్లు ప్రత్యేక శ్రద్ధతో సిద్ధము చేయబడినవి. కొనుగోలుదారుని చేతికి వచ్చిన బండి అంత వేగమును సాధారణముగ అందుకొనలేదు. అయినను ఆనాటికి అది అద్భుతమే. అన్నింటికి మించి వెల: పన్నులతో సుమారు 2,100 పౌనులు. అదే కాలమున ఆస్టన్ మార్టిన్ డీబీ4 వెల సుమారు 4,000 పౌనులు. సగము ధరకు సమానమైన వేగము లభించినందుననే ఈ-టైప్ పేరు మారుమ్రోగినది. 1974 వరకు 72,000లకు పైగా బండ్లు తయారైనవి.

ఇక దాని వారసుని చూతము. 2013లో జాగ్వార్ వారు ఎఫ్-టైప్ అను బండిని విక్రయమునకు తెచ్చిరి. పేరులోనే వంశక్రమము కనబడుచున్నది. దీని దేహము అల్యూమినియము. 2017 నుండి దానిలో రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల చిన్న ఇంజనును కూడ అమర్చిరి. ఆ చిన్న ఇంజను శక్తి 300 అశ్వశక్తి. పాత ఇంజను పరిమాణములో ఇది ఇంచుమించు సగము. శక్తి మాత్రము అధికము. బయటికి పోవు పొగ వేగముతోనే చిన్న చక్రమును త్రిప్పి, గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపు టర్బో అను సాధనము దీనికి ముఖ్య కారణము. ప్రతి ఊపిరికిని ఎక్కువ గాలి, దానికి తగిన కొలతతో ఇంధనము. ఆ కొలతను కార్బ్యురేటరు గాక కంప్యూటరు నిర్ణయించును.

ఇచ్చట ఒక చిక్కు లెక్కను పిల్లలు పట్టుకొనిరి. ఈ-టైప్ బరువు సుమారు 1,230 కిలోలు. చిన్న ఇంజను గల ఎఫ్-టైప్ బరువు 1,525 కిలోలు. శక్తిని బరువుతో భాగించిన, టన్నుకు పాతదానికి సుమారు 215 అశ్వశక్తి, కొత్తదానికి సుమారు 197. లెక్క ప్రకారము పాతదే గెలువవలెను. కాని నిలిచిన చోటినుండి గంటకు 60 మైళ్లు అందుకొనుటకు పాతదానికి సుమారు ఏడు సెకనులు పట్టెను. కొత్తది గంటకు 100 కిలోమీటర్లను, అనగా అంతకంటె కొంచెము ఎక్కువ వేగమును, 5.7 సెకనులలో అందుకొనును. ఏల?

మొదటి కారణము: కొలత ఒకటి కాదు. ఆ రోజులలో ఇంజనును బండినుండి విడిగా నిలిపి, దానిపై ఆధారపడు ఇతర భారములను తొలగించి శక్తిని కొలిచెడివారు. ఇప్పుడు ఆ భారములతో సహా కొలుతురు. కాగితముపై 265 అని ఉన్నను చక్రములకు చేరినది అంతకంటె తక్కువ. రెండవది: టర్బో ఇంజను తక్కువ తిరుగుడు వద్దనే బలముగ లాగును. మూడవది: ఈ-టైప్‌నకు నాలుగు గేర్లు, అందులో మొదటి గేరు నడచుచుండగా సులభముగ పడునది కాదు, ఎఫ్-టైప్‌నకు తమంత తాము మారు ఎనిమిది గేర్లు. నాలుగవది: టైర్లు. నేటి వెడల్పైన రేడియల్ టైర్లు నేలను పట్టుకొనునట్లు నాటి సన్నని టైర్లు పట్టుకొనజాలవు. అంకెలు అబద్ధమాడవు, కాని అవి ఏ ప్రశ్నకు సమాధానములో తెలియక పోల్చినచో మనమే మోసపోదుము. మార్కుల పట్టికను చూచి ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చు తల్లిదండ్రులు ఈ మాటను గుర్తుంచుకొందురుగాక.

ఇంతకంటె ముఖ్యమైన భేదము వేగములో లేదు, ఆగుటలో ఉన్నది. వేగము రెట్టింపైనచో కదలు బండిలోని శక్తి నాలుగు రెట్లగునని మన తొమ్మిదవ తరగతి పుస్తకమే చెప్పుచున్నది. కావున 50 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసిన పిమ్మట పోవు దూరముకంటె 100 కిలోమీటర్ల వేగమున పోవు దూరము రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. ఈ-టైప్ డిస్కు బ్రేకులు ఆ కాలమునకు ఉత్తమమైనవే. కాని గట్టిగా త్రొక్కినచో చక్రములు బిగిసికొని బండి జారిపోవు ప్రమాదము కలదు. చక్రము బిగియకుండ క్షణక్షణము పట్టి విడుచు ఎలక్ట్రానిక్ సాధనమును బాష్ సంస్థ వారు 1978లో మెర్సిడెస్ బండికి సమకూర్చిరి. దానినే ఏబీఎస్ అందురు. నేడు 2019 ఏప్రిల్ మొదలు మన దేశమున 125 సీసీ మించిన కొత్త మోటారు సైకిళ్లకు సైతము అది నిర్బంధము.

తక్కిన రక్షణలను గూడ చూడుడు. మూడు చోట్ల బిగించు సీటు పట్టీని వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లోనే సిద్ధము చేసెను. ఢీకొన్నప్పుడు ముందు భాగము తాను నలిగి దెబ్బను మ్రింగి, మనుష్యులుండు గదిని కాపాడవలెనను ఆలోచనను బేలా బారేనీ అను ఇంజనీరు అంతకు మునుపే చేసియుండెను. అయినను 1961 నాటి ఈ-టైప్‌లో సీటు పట్టీలు బండితో పాటు వచ్చునవి కావు. గాలి సంచులు లేవు. తల వెనుక ఆనిక లేదు. అంత వేగము, అంత తక్కువ రక్షణ! "రేకు డబ్బా" అని మనము ఎగతాళి చేయు కొత్త బండి నలుగుట దాని బలహీనత కాదు. అది దానికి నేర్పిన విద్య. బండి నలిగినను మనిషి మిగులవలెనని దాని నిర్మాతలు ఎంచుకొనిరి. బరువు పెరుగుటకు ఈ రక్షణలన్నియు ఒక కారణము.

అట్లయిన పాతదాని పక్షమున చెప్పదగినది ఏమియు లేదా? కలదు. ఈ-టైప్ ముందు మూతను ఎత్తినచో ముక్కుతో సహా ముందు దేహమంతయు లేచి, ఇంజను ఎల్ల వైపుల కనబడును. గాలి ఎక్కడ ప్రవేశించును, పెట్రోలు ఎక్కడ కలియును, నిప్పురవ్వ ఎక్కడ పుట్టును అని వేలితో చూపవచ్చును. నేర్పరియైన మెకానిక్కు చెవితో విని మరను సరిచేయగలడు. నేటి బండిలో ప్లాస్టిక్కు మూత క్రింద మరియొక మూత. రోగము తెలియవలెనన్న కంప్యూటరును తగిలించి అడుగవలెను. నడుపువానికి చేతులలోనికి, వీపులోనికి చేరు నేల స్పర్శ కూడ కొత్త బండ్లలో తగ్గినది. జపాను దేశపు మాజ్దా వారు ఈ లోటును గుర్తించి, 1989లో పాత ఆంగ్ల స్పోర్ట్స్ కార్ల తేలికదనమును ఆదర్శముగ పెట్టుకొని ఎమ్ఎక్స్-5 అను బండిని తెచ్చిరి. 2016 నాటికి అట్టివి పది లక్షలు తయారైనవి. 2015 నుండి వచ్చుచున్న దాని నాలుగవ తరము కూడ ఇంచుమించు టన్ను బరువు వద్దనే నిలిచియున్నది. పాతదానిలోని మంచిని గ్రహించి, కొత్తదానిలోని రక్షణను కూర్చుట సాధ్యమేయని ఆ బండి నిరూపించినది.

ఎఫ్-టైప్ తయారీ 2024లో నిలిచిపోయినది. జాగ్వార్ సంస్థ విద్యుచ్ఛక్తి బండ్ల వైపు మరలినది. 2017లో ఆ సంస్థ వారే పాత ఈ-టైప్ నుండి ఇంజనును తొలగించి, బ్యాటరీని, విద్యుత్ మోటారును అమర్చి చూపిరి. 2018లో ఆంగ్ల రాజకుమారుడు హ్యారీ తన వివాహ దినమున దానినే నడిపెను. రూపము అదే, శబ్దము మాత్రము లేదు. అది ఈ-టైప్ అగునా కాదా అని పిల్లలు ఇంకను వాదించుకొనుచున్నారు. మేము తీర్పు చెప్పలేదు. వాదించు కొలది వారు ఎక్కువ చదువుచున్నారు.

మోటారు యంత్రములను ప్రేమించుట తమిళనాట స్థిరపడిన మన తెలుగువారికి కొత్త కాదు. కోయంబత్తూరు జి. డి. నాయుడుగారు బస్సులు నడిపి, మరలు విప్పి చూచి, ఎన్నో సాధనములను సృజించిన మహనీయులు. ఆయన పేరిటి సంస్థవారు ఆ నగరమున పాత కార్ల ప్రదర్శనశాలను నిర్వహించుచున్నారు. సెలవులలో పిల్లలను అచటికి తీసికొని పోయి చూపుడు. ఆయన వలె యంత్రమును విప్పి, దాని మర్మమును మాతృభాషలో మాటలతో చెప్పగలిగిన బిడ్డకు ఆ జ్ఞానము నిలుచును. ఈ ప్రదర్శనలో బ్రేకును గూర్చి తెలుగులో వివరించిన బాలిక ఒక్క వాక్యమును కూడ బట్టీ పట్టలేదని మేము ఎరుగుదుము.

తుదకు ఒక్క విన్నపము. వేగముపై మోజు ఈ వయసున సహజము. పదునెనిమిది నిండని బిడ్డకు మోటారు సైకిలు తాళము ఇచ్చు ఇండ్లు మనలోను కలవు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, అట్టి బిడ్డ నేరము చేసినచో సంరక్షకునకు లేదా బండి యజమానికి మూడు సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. చట్టభయము అటుంచుడు. అరువది సంవత్సరములుగ ప్రపంచపు ఇంజనీర్లు బండిని పరుగెత్తించుటకు ఎంత శ్రమించిరో, దానిని ఆపుటకును, ఆగనప్పుడు మనిషిని బ్రతికించుటకును అంత శ్రమించిరి. వారి శ్రమ ఫలము పట్టీ బిగించినవానికే, శిరస్త్రాణము ధరించినవానికే దక్కును.

మీ బిడ్డ ఏ బండినైనను మెచ్చుకొన్నప్పుడు "అది ఎంత వేగము పోవును?" అని అడుగుట మానవలదు. వెంటనే "ఎంత దూరములో ఆగును?" అని కూడ అడుగుడు. సమాధానము తెలియనిచో మా వద్దకు పంపుడు; బోర్డుపై లెక్కగట్టి చూపుదుము.