బస్సు దారి వెంట మేడలు



ఈ సభలో పట్టాలు అందుకుంటున్న యువ ప్లానర్లు, ఇంజనీర్లలో కొందరు త్వరలోనే పురపాలక కార్యాలయాల్లో భవన అనుమతుల ఫైళ్లు చూస్తారు. నగరవాసి బస్సెక్కాలా, కారు కొనాలా అన్నది చాలావరకు ఆ ఫైళ్లలోనే తేలిపోతుంది.

జనానికి కారు మోజు పెరిగింది కాబట్టే రోడ్లు నిండిపోతున్నాయని నిందించడం తేలిక. కానీ అసలు మెలిక నిబంధనల్లో ఉంది. హైదరాబాద్‌లో 2006 నాటి భవన నిబంధనలు ఎఫ్ఎస్ఐ (స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితిని ఎత్తేశాయి. అప్పటి నుంచి మేడ ఎంత ఎత్తు లేవాలన్నది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలిన ఖాళీ స్థలాన్ని బట్టి తేలుతోంది. ఆ రోడ్డు మీద బస్సు తిరుగుతుందా అని అడిగేవారు లేరు. పార్కింగ్‌కు మాత్రం పక్కా లెక్క ఉంది. కోకాపేటకు వెళ్తే ఫలితం కళ్లకు కడుతుంది: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఆకాశహర్మ్యాలు, వాటి కింద అంతస్తులకు అంతస్తులు కార్ల సెల్లార్లు. మెట్రో రైలు ఇంకా అక్కడికి రాలేదు. అక్కడ ఫ్లాటు కొన్న కుటుంబం కారూ కొంటే తప్పు ఆ కుటుంబానిది కాదు.

బ్రెజిల్‌లోని కురిటిబా ఈ లెక్కను తిరగేసింది. ఆర్కిటెక్ట్ జైమీ లెర్నర్ 1971లో మేయరయ్యారు. 1974లో ప్రత్యేక దారుల్లో ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలయ్యాయి. ఎత్తైన భవనాలకు ఆ దారుల వెంబడే అనుమతి; దూరం జరిగేకొద్దీ ఎత్తు తగ్గాలి. 1990ల మొదట్లో గొట్టం ఆకారంలో గాజు స్టేషన్లు వచ్చాయి. టికెట్ డబ్బు లోపలికి అడుగుపెట్టేటప్పుడే కట్టాలి. స్టేషన్ నేల, బస్సు నేల ఒకే ఎత్తు. బస్సు ఆగగానే తలుపు దగ్గర ఒక పలక వాలి మధ్య సందును మూసేస్తుంది. చక్రాల కుర్చీ కూడా నేరుగా లోపలికి వెళ్తుంది.

స్టేషన్ బయట నడిచే దారీ బాగుండాలి. హైదరాబాద్‌లో మన మెట్రో 2017 నవంబరులో పట్టాలెక్కింది. రైలు హాయిగానే ఉంటుంది. మెట్లు దిగాకే కష్టాలు. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఆనుకుని బైకులు, ఆపైన తవ్వి వదిలేసిన గుంత. ఆఫీసు కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆ దారిన నాలుగు రోజులు నడిచిన మనిషి ఐదో రోజు స్కూటర్ తీస్తాడు.

బస్సంటే జనానికి చిన్నచూపన్న వాదనా నిలవదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలవగానే ఆర్టీసీ బస్సులు కిక్కిరిసిపోయాయి.

రేపు ఓ పెద్ద టవర్ ఫైలు ఈ పట్టభద్రుల బల్ల మీదికి వస్తుంది. సెల్లార్‌లో ఎన్ని కార్లు పడతాయన్న లెక్క అందులో ఎలాగూ ఉంటుంది. గేటు నుంచి బస్టాపు ఎంత దూరం, ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతోంది, పొద్దున ఎనిమిదింటికి ఎన్ని బస్సులు వస్తాయి అన్నవి కూడా వారు అడగాలి. అవి లేవని ఫైలును తిప్పి పంపే వీలు నిబంధనల్లో లేకపోతే, ఆ నిబంధనలు మార్చమని పైకి వెళ్లే నోటు వారే రాయాలి.