కోతిపిల్లను చూపించే ముందు



శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు ఆగితే చాలు, తల్లి పొట్టను కరుచుకున్న కోతిపిల్ల కనిపిస్తుంది. మన బాబు చేతికి అరటిపండు ఇచ్చి, "దగ్గరికి వెళ్ళు నాన్నా" అంటాం. ఫొటో కోసం ఇంకో అడుగు! కోతిపిల్ల ఊరుకున్నా తల్లి ఊరుకోదు. కళ్ళలోకి సూటిగా చూస్తే కోతికి అది బెదిరింపు. పసివాడికి ఆ సంగతేం తెలుసు? పైగా వాడు పొట్టివాడు కనుక కాటు ముఖం మీద కూడా పడవచ్చు.

కరిచినా, గీరినా పసుపు, సున్నం, కారం పెట్టకండి. బిడ్డ ఏడ్చినా సరే, ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రేబిస్ కుక్కల నుంచే కాదు, కోతుల నుంచీ రావచ్చు. లక్షణాలు మొదలైతే బతకడం దాదాపు అసాధ్యం. పది రోజులు జంతువును గమనించే పద్ధతి కుక్క, పిల్లులకే. కోతి కాటుకు ఆగకూడదు.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్నది పాత మాట. ఇప్పుడు టీకా జబ్బకు, పసిపిల్లలకైతే తొడకు వేస్తారు. అవసరమైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. పుండు మానిందని మిగతా డోసులు మానేయకండి. తేదీలు చీటీ మీద రాయించుకోండి.