ఆగిపోయిన ఫ్రేము
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఏదైనా అనుభవం చెప్పండి సుబేదార్ సాబ్, కానీ యుద్ధం కథలు వద్దు, పోయినేడు మూడొచ్చాయి" అన్నారు. ఆయనకా భయం అక్కర్లేదు. ఇంటర్ పాసై 1987లో సైన్యంలో చేరినవాణ్ణి. సర్వీసులో సగం స్టోర్లు, మెస్సు, గేమ్స్ రూము చూసుకోవడంతోనే గడిచింది. కాబట్టి ఈ పూట స్నూకర్ గురించి మాట్లాడతాను.

స్నూకర్ ఇంగ్లీషువాడి ఆటే గానీ పుట్టింది మన గడ్డ మీద, అదీ ఆర్మీ మెస్సులో. 1875లో జబల్పూర్‌లో వానలు పడుతుంటే బయటికి పోలేని అధికారులు బిలియర్డ్స్ బల్ల చుట్టూ చేరారు. వారిలో నెవిల్ చాంబర్లెన్ అనే కుర్ర అధికారి ఎర్ర బంతులకు రంగు బంతులు కలిపి కొత్త ఆట కట్టాడు. (తర్వాత ప్రధానమంత్రి అయిన చాంబర్లెన్ వేరు, ఈయన వేరు.) అప్పట్లో సైనిక అకాడమీలో మొదటి ఏడాది కేడెట్‌ను స్నూకర్ అని వెక్కిరించేవారట. గురి తప్పిన ఆటగాణ్ణి ఈయన అదే మాట అన్నాడు, అదే ఆటకు పేరైంది. నియమాలు 1882లో ఊటీ క్లబ్బులో గోడకెక్కాయి.

ఈ ఆటలో నాకు నచ్చేది, ఇబ్బంది పెట్టేదీ ఒకటే. దీనికి గడియారం లేదు. ఫుట్‌బాల్‌కి తొంభై నిమిషాలు. స్నూకర్లో ఒక ఫ్రేము పది నిమిషాల్లో తేలొచ్చు, గంట దాటొచ్చు. 2017లో ప్రపంచ పోటీల అర్హత ఆటలో ఫెర్గల్ ఓబ్రయన్, డేవిడ్ గిల్బర్ట్‌ల ఆఖరి ఫ్రేము ఒక్కటే రెండు గంటల మూడు నిమిషాలు నడిచింది. మరి టైంటేబుల్ వేసేవాడి గతేమిటి? నేను ఆ పని చేసినవాణ్ణి కనుక అడుగుతున్నాను.

ఇంగ్లండులో షెఫీల్డ్ పట్టణంలో క్రూసిబుల్ అనే నాటకశాల ఉంది. ప్రపంచ పోటీలు 1977 నుంచి అక్కడే. పదిహేడు రోజులు, మొదట్లో రెండు బల్లలు, రోజుకి మూడు పూటలు. మొదటి రౌండు పంతొమ్మిది ఫ్రేములు, పదికి ముందు చేరినవాడు గెలిచినట్టు. దాన్ని రెండు పూటలకు పంచుతారు. ఫైనల్ ముప్పై అయిదు ఫ్రేములు, రెండు రోజుల్లో నాలుగు పూటలు. ఒక పూటకి ఇన్ని ఫ్రేములని ముందే రాసిపెడతారు. నెమ్మదిగా ఆడితే మిగిలినవి తర్వాతి పూటకి పోతాయి. ఆఖరి పూటే అయితే, వెనక ఇంకో ఆట కాచుకుని ఉంటే, వీళ్లను లేపి వాళ్లను ఆడించి మళ్లీ వీళ్లను పిలుస్తారు. 2021 సెమీఫైనల్లో మార్క్ సెల్బీ, స్టువర్ట్ బింగమ్‌లను అలాగే లేపారు. స్కోరు 16–15. ఒక్క ఫ్రేము గెలిస్తే ఫైనల్. సెల్బీ మళ్లీ వచ్చి 17–15తో ముగించాడు. మధ్యలో ఆ ఇద్దరూ ఏం తిన్నారో, తిన్నది దిగిందో లేదో!

మనుషులు ఆపే ఆటలూ ఉన్నాయి. 2023 ఏప్రిల్ 17న అదే క్రూసిబుల్లో ఒక నిరసనకారుడు బల్ల మీదికెక్కి నారింజరంగు పొడి చల్లాడు. మిల్కిన్స్, పెర్రీల ఆట మరునాటికి వాయిదా. రెండో బల్ల మీద ఆట కాసేపటికి మళ్లీ మొదలైంది.

మన తెలుగు గడ్డ మీదా పెద్ద పోటీలు జరిగాయి. ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాదులో, 2017లో విశాఖలో పెట్టారు. మొదటిది ఆంటొనీ మెక్‌గిల్ గెలిచాడు. రెండోదాంట్లో అతణ్ణే జాన్ హిగిన్స్ 5–1తో ఓడించాడు. తమ్ముడింట్లో ఉండి విశాఖలో ఒక పూట చూశాను. అక్కడవి చిన్న మ్యాచ్‌లు, పూటలో మొదలైంది పూటలోనే తేలిపోయేది. నాకు హాయిగా అనిపించింది. ఎందుకో చెబుతాను.

2004లో నేను ఇక్కడే, అప్పటి పోర్ట్ బ్లెయిర్లో, హవల్దారుని. మా గేమ్స్ రూములో ఒక పాత బల్ల ఉండేది. ఈ దీవుల తేమకి గుడ్డ బరువెక్కి బంతి నడవదు, ఆట ముందు ఇస్త్రీ పెట్టాలి. డిసెంబరులో చిన్న పోటీ పెట్టాం, నిర్వహణ నాది. ఫైనల్‌కి మా ఆర్మీ నాయక్ ఒకడు, కార్ నికోబార్ నుంచి డ్యూటీ మీద వచ్చిన ఎయిర్‌ఫోర్స్ సార్జెంట్ ఒకాయన చేరారు. ఇద్దరూ మనవాళ్లే. ఫైనల్ 24వ తేదీ శుక్రవారం. బడాఖానా ఏర్పాట్లకు ఆ హాలు కావాలన్నారు. నేను ఆటను శనివారానికి జరిపాను. సార్జెంటుకి శనివారం తిరుగు విమానం ఉంది. "పర్లేదన్నా, ఒక్కరోజే గదా" అని టికెట్టు వదులుకున్నాడు.

శనివారం రాత్రి 2–2. పదింటికి జనరేటర్ బంద్. "అన్నా, ఒక్క ఫ్రేమే గదా" అన్నాడు సార్జెంటు. రూలు రూలేనన్నాను. రేపు పదింటికి రమ్మన్నాను.

రేపు పొద్దున్న ఆరున్నరకి భూమి కదిలింది. తర్వాతి సంగతి ఇక్కడున్నవారికి చెప్పక్కర్లేదు. కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో సిబ్బంది, కుటుంబాలు కలిపి వందమందికి పైగా పోయారు. దొరికిన విమానంలో సార్జెంటు వెళ్లిపోయాడు. రెండు రోజులకి కబురొచ్చింది. భార్యా, కూతురూ బతికున్నారు. క్వార్టరు లేదు. పక్క క్వార్టరువాళ్లు లేరు.

ఫిబ్రవరిలో రిజిస్టరు మూయాలన్నారు. హాజరు కాలేదు కాబట్టి వాకోవర్ రాయి, నాయక్ గెలిచినట్టు పెట్టు అన్నారు. కాయితం ప్రకారం అది సరైనదే. ఆలస్యంగా వస్తే ఫ్రేములు పోతాయని ప్రొఫెషనల్ ఆటలోనూ ఉంది. నేను రాసేశాను కూడా. నాయక్ సంతకం పెట్టలేదు. "నేను గెలవలేదన్నా. అక్కడ బోర్డు చూడండి" అన్నాడు. బోర్డు మీద 2–2 సుద్దముక్కతో అలాగే ఉంది. భూకంపానికి బల్ల కాళ్లు జరిగాయిగానీ ఆ అంకెలు చెరగలేదు. నేను రాసింది కొట్టేశాను.

మార్చి 13, ఆదివారం. సార్జెంటు పనిమీద వచ్చాడు. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి బల్ల సరిచేశాను. గుడ్డకి ఇస్త్రీ పెట్టాను. ముగ్గురమే. అయిదో ఫ్రేముకి బ్రేక్ ఎవరిదో నేను రాసి ఉంచలేదు. "నాదే" అన్నాడు సార్జెంటు. "అవును, ఆయనదే" అన్నాడు నాయక్.

బంతులు పేరుస్తుంటే నెమ్మదిగా అడిగాను, నామీద కోపమా అని. కాసేపు చాక్ రాసుకుంటూ నిలబడ్డాడు. "మీరు ఆట జరపబట్టి నేను బతికానో, ఆ పొద్దున మావాళ్ల పక్కన లేకుండా పోయానో, ఎన్నిసార్లు ఆలోచించినా తేల్లేదన్నా" అన్నాడు. నాకూ తేల్లేదు.

నలభై నిమిషాలు ఆడారు. పింక్ తప్పింది సార్జెంటుకి. నాయక్ పింకూ, బ్లాకూ వేసి గెలిచాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తేదీ గడిలో 25–12–2004 నుంచి 13–3–2005 అని రాశాను. తర్వాత తనిఖీకి వచ్చినాయన ఆ గడి మీద వేలు పెట్టి, "ఒక్క మ్యాచ్ డెబ్బై ఎనిమిది రోజులా?" అన్నాడు.

అవున్సార్ అన్నాను.