ఖాళీగా వదిలేసిన గడి



కొన్నేళ్ళ క్రితం ఒక ఏరియా ఆసుపత్రిలో కాన్పుల రిజిస్టరు చూస్తూ రెండు రోజులు కూర్చున్నాను. ఎర్రసిరాతో 'మృతశిశువు' అని రాసిన చోటల్లా ఆగాను. బిడ్డ బరువు ఉంది, ఆడో మగో ఉంది. తల్లి బి.పి. ఎంత, ఒంట్లో రక్తం ఎంత అన్న గడులు చాలావరకు ఖాళీ. కారణం దగ్గర 'ఊపిరాడక' అని ఒక్క మాట. ఎందుకు ఆడలేదు?

ఆ రిజిస్టరులో పేరున్న ఒకామెను తర్వాత వాళ్ళ ఊళ్ళో కలిశాను. పత్తి చేలల్లో కూలికి పోతుంది. తొలిచూలు. ఎనిమిదో నెలలో కాళ్ళూ మొహమూ వాచాయి, విడవని తలనొప్పి, కళ్ళు మసకలు. "నీళ్ళు పట్టుడు మామూలే గదమ్మా, మాకు రాలేదా?" అని అత్తగారు నాతోనూ అంది. నర్సమ్మ ఊరికొచ్చిన రోజున ఈమె చేలో ఉంది. మానితే ఆ పూట కూలి పోతుంది. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ కదలడం ఆగి ఒక రోజయింది. "నా రాత" అంది. ఇంట్లోవాళ్ళు రాత అనలేదు, దాని కడుపే మంచిది కాదన్నారు.

గర్భిణికి రక్తపోటు పెరిగితే మాయకు రక్తం సరిగా అందదు. బిడ్డ ఎదగదు. ఒక్కోసారి మాయ కాన్పుకు ముందే విడిపోతుంది. ముదిరితే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్లు వస్తాయి. దీన్ని కనిపెట్టడానికి కావలసింది బి.పి. చూడడం, మూత్రపరీక్ష. అంతే. మెగ్నీషియం సల్ఫేటు ఇస్తే ఫిట్లు వచ్చే ప్రమాదం సగానికి తగ్గుతుందని 33 దేశాల్లో దాదాపు పదివేలమంది స్త్రీలతో జరిగిన పరిశోధన 2002లోనే తేల్చింది. అదేమీ ఖరీదైన మందు కాదు.

ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి ఉంది. అదే సర్వేలో తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 60.7 శాతం సిజేరియన్లు. అంటే స్త్రీని కాన్పుగది దాకా, కత్తి దాకా తీసుకురావడం మనకు బాగానే చేతనయింది. అంతకు ముందరి తొమ్మిది నెలల తిండీ విశ్రాంతీ మాత్రం ఇంటి విషయాలుగానే మిగిలాయి. ఇంట్లో ఆఖరున తినేది ఆమె. ఐరన్ మాత్రలు వేసుకోలేదని తిట్లు తినేదీ ఆమే. ఖాళీ కడుపున ఆ మాత్ర ఎంత తిప్పుతుందో తిట్టేవాళ్ళెవరూ వేసుకుని చూడలేదు.

28 వారాలు నిండాక కడుపులో పోయిన బిడ్డలనూ, పుట్టిన వారంలోపు పోయిన బిడ్డలనూ కలిపి పెరినేటల్ మరణాలంటారు. వీటికి కారణాలు నమోదు చేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక పద్ధతి ఇచ్చింది. బిడ్డకు ఏమైందో రాసి, దానితో జోడించి తల్లి ఆరోగ్యస్థితి కూడా రాయాలి. తల్లికి ఏ సమస్యా కనబడకపోతే ఆ మాటా రాయాలి. ఖాళీ వదలడానికి వీల్లేదు.

ఇది మనం ఎప్పటినుంచో అడుగుతున్నదే. అయినా నాకో భయం ఉంది. 'తల్లి స్థితి' అన్న గడి రేపు 'తల్లి తప్పు' అన్న గడిగా మారడానికి ఎంతోసేపు పట్టదు. దాని కడుపు మంచిది కాదన్న మాటకే డాక్టరు సంతకం తోడవుతుంది. రక్తపోటు ఆమె చేసిన పని కాదు. అందుకే ఆ గడిని ఇంకాస్త వెనక్కి పొడిగించాలంటాను: ఆమె బి.పి. ఆఖరుసారి ఎవరు చూశారు, ఎప్పుడు, చూడకపోతే ఎందుకు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1969 నాటి జననమరణాల నమోదు చట్టం కింద మృతశిశు జననాన్నీ నమోదు చేయాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 'బిడ్డ' అన్న మాటలో మృతశిశువునూ చేర్చింది. అంటే బిడ్డ దక్కకపోయినా అది ప్రసవమే, ఉద్యోగినికి సెలవూ జీతమూ హక్కే. మనలో ఎంతమందికి తెలుసు? కూలి స్త్రీకి ఆ చట్టం అక్కరకు రాలేదు. నేను కలిసినామె పదమూడో రోజున చేలోకి వెళ్ళింది. అప్పటికింకా పాలు పడుతూనే ఉన్నాయట. రవిక తడుస్తుంటే పైన కొంగు కప్పుకుని పత్తి ఏరింది.