గేరు మీద చెయ్యి



భూపాలపల్లి తొవ్వలో బొగ్గు లారీలు, జీపులు రోజూ చూస్తాం. కొందరు డ్రైవర్లు గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించి నడుపుతారు. అది మంచిదేనా?

గేరు పెట్టెలో పంగలాంటి ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని ఫోర్కు అంటారు. రాడ్డు కదిపితే ఫోర్కు కదులుతుంది. తిరిగే ఇనుప కడియాన్ని అది పక్కకు జరుపుతుంది. గేరు పడుతుంది. అంతటితో ఫోర్కు పని అయిపోయింది. ఇంకా చెయ్యి బరువు వేస్తే, తిరిగే కడియానికి ఫోర్కు ఒరుసుకుంటుంది. చేదతాడు ఒరిసి బావి రాయి అరగదా? ఇదీ అంతే. ఒక్కరోజులో చెడదు. ఏండ్ల అలవాటైతే అరుగుతుంది. గేరు పెట్టె విప్పితే ఖర్చు. ఆనాటి కూలీ కూడా పోతుంది.

ఇంకో మాట. బర్రె అడ్డం వస్తే స్టీరింగు మీద రెండు చేతులూ ఉండాలి.

బండి నడపడం మగవాళ్ల పనేనా? కాదు. 2015లో తెలంగాణ బిడ్డ సరిత ఢిల్లీలో సర్కారు బస్సు డ్రైవరు అయింది. మనమూ నేర్చుకుందాం. గేరు మార్చాలి, చెయ్యి తియ్యాలి. మరువకండి.