ఒకే పక్షిని చూచిన ఇరువురు



అలిపిరి మార్గమున మెట్లు సుమారు 3,550. శ్రీవారి మెట్టు మార్గమున 2,388. మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు, కర్పూరము వెలిగించుచు ఎక్కు తల్లులు నేడును ఉన్నారు. అయితే వారి వెనుక వచ్చు కుమారుని చేతిలో కెమెరా ఉన్నది, మనుమరాలి చేతిలో ఫోను ఉన్నది. మలుపు వచ్చినప్పుడెల్ల ఎవరో ఒకరు ఆగి లోయను, మబ్బును, కోతిని, దుప్పిని చిత్రము తీయుచునే ఉన్నారు. స్వామి కొండకు వచ్చి ఈ ఫోటోల పిచ్చి ఏమిటని పెద్దలు కొందరు మాతో అన్నారు. మేము అట్లు అనజాలము. ఈ కొండ ఆదిశేషుని రూపమని నమ్మినవారము, ఆ కొండ మీది చెట్టును, రాతిని, పిట్టను చూడక తల వంచుకొని పోవుట మాత్రమే భక్తి యగునా? చూడవలెను. ఎట్లు చూడవలెను అన్నదే నేటి ప్రసంగ విషయము.

శ్రీమద్రామాయణము బాలకాండలోని కథ మీరందరు ఎరిగినదే. వాల్మీకి మహర్షి శిష్యుడైన భరద్వాజునితో తమసా నదికి స్నానమునకై వెళ్ళినాడు. అచ్చట క్రౌంచ పక్షుల జంట విహరించుచున్నది. మహర్షి దానిని చూచినాడు. అదే వేళ ఆ జంటను మరియొకడును చూచుచున్నాడు. వాడు నిషాదుడు. ఈ రెండవవానిని గూర్చి మనము అంతగా ఆలోచింపము. వేటగానికి అడవి తెలియదని అనుకొనరాదు. గాలి ఎటు వీచుచున్నదో, పక్షి ఎప్పుడు తల ఎత్తునో, అడుగు ఎక్కడ వేసిన ఆకు చప్పుడు కాదో వానికి తెలియును. ఋషి కంటె ఎక్కువగనే తెలిసియుండవచ్చును. ఓర్పు ఉన్నది, ఏకాగ్రత ఉన్నది. చూచినది ఒకే పక్షిని. ఒకని చూపు చివర పక్షి నేలకొరిగినది, మరియొకని చూపు నుండి శ్లోకము పుట్టినది. కెమెరా పట్టినవాడు ఈ ఇరువురి నడుమ నిలిచియున్నాడు. ఏ వైపు ఒరగునో వానికే తెలియదు.

ఇది పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. మా యౌవనమున, ఫిల్ము చుట్టకు 36 చిత్రములు మాత్రమే వచ్చు దినములలో, మేమును కెమెరా వేసికొని ఈ కొండలు తిరిగినవారమే. ఒక చైత్రమాసమున కాలిబాట ప్రక్క పొదలో పిగిలిపిట్ట గూడు కనబడినది. చిన్న గిన్నె వంటి గూడు. అందు కన్నులు తెరువని మూడు పిల్లలు. వానికి అడ్డముగ రెండు రెమ్మలు ఉన్నవి. ఆ రెమ్మలను విరిచితిమి. వెలుగు చక్కగా పడినది. తల్లిపిట్ట ఎదుటి కొమ్మ మీద అరచుచుండగా ఆరు చిత్రములు తీసితిమి. ఆ అరుపు మాకు ఆనాడు పాటవలె వినబడినదని చెప్పుటకు నేడు సిగ్గగుచున్నది. మూడవనాడు దిగివచ్చుచు చూడగా గూడు ఖాళీగా ఉన్నది. కాకి చేసినదో, పాము చేసినదో, ఎండయే చేసినదో. వానికి దారి తెరచినది మాత్రము మేమే. ఆ రెండు రెమ్మలను ఆ పిట్ట ఊరక ఎంచుకొనలేదు. చిత్రము చాల బాగున్నదని చూచినవారందరు మెచ్చుకొనిరి. అది ఇంకను మా ఇంట ఉన్నది. ఎవరికిని చూపము.

తరువాత చాలకాలమునకు మాకొక విషయము తెలిసినది. మన దేశమున 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ‘వేట’ అను మాటకు అర్థము చెప్పుచు, చంపుట, పట్టుట మాత్రమే గాక, అడవి పక్షుల గ్రుడ్లను, గూళ్ళను కదల్చి కలత పెట్టుటను కూడ అందులోనే చేర్చినది. విల్లు చేత పట్టకయే మేము ఆనాడు నిషాదుని వరుసలో నిలిచితిమి.

కావున ఏమి చేయవలెను? భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువది నలుగురు గురువులను చెప్పినాడు. అందు తేనెటీగ ఒకటి. పూవును బాధింపక కొంచెము కొంచెముగ గ్రహించుట దాని వలన నేర్చితినన్నాడు. కూడబెట్టరాదనియు దాని వలననే నేర్చినాడు. ఒకే కోతిని నలువది చిత్రములు తీసి, ఇంటికి పోయి ఒక్కటియు తిరిగి చూడనివారు ఈ రెండవ పాఠమును తలచుకొనవలెను. మొదటి పాఠము అంతకంటె ముఖ్యము. జంతువు మేత మాని మనవైపు తల ఎత్తినదనగా మనము మిక్కిలి దగ్గరకు వచ్చితిమని అర్థము. అచ్చటనే ఆగవలెను, వీలైన రెండడుగులు వెనుకకు వేయవలెను. ఫోనులో పక్షి కూత వినిపించి పిట్టను పిలుచు అలవాటు ఇప్పుడు వచ్చినది. పరాయి పక్షి తన చోటికి వచ్చినదని భ్రమసి అది గూడు విడిచి వచ్చును. అది పిలుపు కాదు, మోసము. చిత్రము కొరకు కోతికి అరటిపండు చూపుటయు అట్టిదే.

ఈ కొండలు సామాన్యమైనవి కావు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము ఏర్పడినది. 2010లో శేషాచలము జీవావరణ మండలముగ ప్రకటింపబడినది. ఎర్రచందనమునకు ఇది పుట్టినిల్లు. నీటిచెమ్మ గల రాతి నెఱియలలో బంగారు బల్లి ఉన్నది. అది పగలు దాగి రాత్రి తిరుగు ప్రాణి. దేవాంగపిల్లియు రాత్రి సంచారియే. దాని పెద్ద కన్నులు చీకటి కొరకు ఏర్పడినవి. వాని ముందు ఫ్లాష్ వెలిగించుట ఎట్టి పనియో మీరే ఊహింపుడు. ఆ అమాయకపు ప్రాణిని క్షుద్రవిద్యల పేర పట్టుకొనిపోవువారును ఉన్నారు. ఫోనులో చిత్రముతోపాటు స్థలము నమోదగు ఏర్పాటు కలదు. ఆ చిత్రమును పదిమందికి పంపినచో అది ఎక్కడ ఉన్నదో దొంగకు చెప్పినట్లే. పంపుటకు ముందు ఆ ఏర్పాటు తీసివేయవలెను.

ఇక చిరుత విషయము. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేండ్ల బాలికను చిరుత పొట్టన పెట్టుకొన్నది. ఆ తల్లిదండ్రుల దుఃఖము తలచిన నోట మాట రాదు. అటు పిమ్మట అటవీశాఖవారు చెట్లకు కెమెరాలు అమర్చినారు. ఎదుట ఏది కదలినను అది తనంతట తాను చిత్రము తీయును. ప్రతి చిరుతకు చుక్కల అమరిక వేరు గనుక, ఆ చిత్రములను బట్టి ఏది ఏదో గుర్తింపవచ్చును. చిత్రము ప్రాణములను కాపాడు పనికిని వచ్చునని దీనివలన తెలియుచున్నది. మనము మాత్రము దారి విడిచి పొదలలోనికి పోరాదు, పిల్లల చేయి విడువరాదు, తిన్న పొట్లములు పారవేయరాదు. పొట్లమునకు పందియు కుక్కయు వచ్చును. వాని వెంట వచ్చునది చిరుత.

ఎవరికిని బాధ కలుగని చిత్రము కావలెనన్న, రాళ్ళు ఉన్నవి. శిలాతోరణము అందరును ఎరిగినదే. ఘాటురోడ్డు ప్రక్కన, క్రింద నల్లరాతి పొర, పైన ఇసుకరాయి బిగిసి గట్టిపడిన పొర కలిసిన గీత ఒకటి కలదు. ఆ రెండు పొరల నడుమ పదుల కోట్ల సంవత్సరముల కాలము గడచినదని భూవిజ్ఞానులు చెప్పుదురు. బస్సులో నిద్రపోవువారికి అది కనబడదు. వాన వెలిసిన ఉదయమున, ఎండ ఇంకను ఏటవాలుగ ఉన్నప్పుడు, ఆ కొండచరియల ఎరుపు చూడదగినది. అప్పుడు తీయుడు, తృప్తిగా తీయుడు. అయితే తీయుటకు ముందు ఒక నిమిషము ఊరక చూడుడు.

ఇట్లు ఎక్కి ఎక్కి పైకి చేరిన తరువాత, ఆలయములోనికి పోవుటకు ముందు, కెమెరాలను ఫోనులను బయట అప్పగింపవలెను. ఎంతటివారికైనను అదే నియమము. లోపల చేతులు జోడించుట తప్ప వానికి వేరే పని లేదు. గరుడాళ్వారును దాటి, కులశేఖరపడి కనబడునంత దూరమున, జనము త్రోయుచుండగా, స్వామి కనబడునది కొన్ని క్షణములు మాత్రమే. చిత్రము లేనందున ఆ దర్శనము కొరతపడినదని చెప్పినవారిని మేము ఇంతవరకు చూడలేదు.